డయాలసిస్ రోగుల ఇళ్లలో ఏ పాటలు, ఎలా పాడాలి?

అందరికీ వందనాలు. మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర ఉద్దానం పల్లె. కిడ్నీ జబ్బు లేని వీధి మాకు లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేశాక చేతిలో డబ్బూ ఆడటం లేదు. మా చర్చి సంఘం గాయక బృందం ఆదివారం సాయంత్రాలు రోగుల ఇళ్లకెళ్లి పాడుతోంది.

ఇబ్బంది ఎక్కడంటే, మాకు వచ్చినవన్నీ డోలక్, కీబోర్డుతో హుషారుగా పాడే స్తుతి పాటలే. నాలుగేసి గంటలు మిషను మీద ఉండి వచ్చిన మనిషి ముందు అవి పాడాలంటే నాకు మనసొప్పడం లేదు. బైబిల్లోని 13వ కీర్తనలో దావీదు ఇంకెన్నాళ్లు నన్ను మరచిపోతావని దేవుణ్ణే అడుగుతాడు. 88వ కీర్తనైతే చీకటి మాటతోనే ముగుస్తుంది. దేవుడి ముందు ఏడవడమూ ప్రార్థనే కదా! వీటిని సులువైన వరసల్లో, వాద్యాలు లేకుండా, రోగి కూడా మెల్లగా గొంతు కలిపేలా పాడుతున్నవారున్నారా?

ఇంకొకటి. పక్కిళ్ల హిందువులు కూడా వచ్చి కూర్చుంటారు, మా ఇంటికీ రండమ్మా అని పిలుస్తారు. మతం మార్చడానికి వచ్చారని ఎవరికీ అనిపించకుండా, తోడుగా మాత్రమే పాడి రావాలంటే ఏం చేయాలి? ఈ పని చేసినవారు దయచేసి చెప్పండి.