బల్ల అడుగున దాగే కంప్యూటర్ కేసు: ఏ లోహం, ఏ అమరిక, వేడి సంగతి ఏమిటి?

ప్రశ్న | అచ్చుపని, విజయవాడ

అందరికీ నమస్కారం. ఇంట్లో నేను పుస్తకాల పేజీలు కూర్చే బల్ల మీద రెండు మానిటర్లు, ఒక స్కానర్ పోగా చేయి ఆనించుకునేంత చోటే మిగులుతోంది. బల్ల పక్కన నేల మీద ఉన్న పాత టవర్ కేసు సగం ఖాళీగానే ఉంది, ఎందుకంటే అందులోని మదర్‌బోర్డు మొదటి నుంచీ మినీ-ఐటీఎక్స్ అనే చిన్న రకానిదే. ఆ సామాను మొత్తాన్ని ఒక పల్చటి కేసులోకి మార్చి, ఎదురుగా కూర్చున్నవారికి కనబడకుండా బల్ల పలక అడుగున బిగించాలని అనుకుంటున్నాను. బజారులో దొరికే చిన్న కేసులు కొన్ని చూశాను గానీ, అవి నిలువుగా నిలబెట్టడానికి ఉద్దేశించినవి. పడుకోబెట్టి వేలాడదీస్తే మోకాళ్లకు తగిలేంత మందం ఉన్నాయి.

బల్ల పలక 1200 × 600 మి.మీ., 18 మి.మీ. పార్టికల్ బోర్డు, పైన లామినేట్. కాళ్లు ఇనుపవి. పలక అడుగు నేలకు 730 మి.మీ. ఎత్తున ఉంది, కూర్చున్నప్పుడు నా మోకాళ్లు 620 మి.మీ. దాకా వస్తాయి. కాబట్టి కేసు, దాన్ని పట్టుకునే ఏర్పాటు కలిసి 90 మి.మీ. దాటకూడదు. ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ, కూలర్ 37 మి.మీ. ఎత్తున్న నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఏ, పవర్ సప్లై ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న రకం, నిల్వకు ఒక ఎం.2 ఎస్‌ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు లేదు, పెట్టే ఉద్దేశమూ లేదు.

తెలిసిన వడ్రంగి ప్లైవుడ్‌తో చేసిస్తానంటున్నాడు. అల్యూమినియం అయితే మేలని నాకు అనిపిస్తోంది. ఆ గదిలో ఏసీ లేదు. మే నెలలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. అనుభవమున్నవారు సలహా చెప్పగలరు.

జవాబు | రంపంపొట్టు

చోటు గురించి మీరు దిగులు పడనక్కరలేదు. మినీ-ఐటీఎక్స్ బోర్డు 170 × 170 మి.మీ., ఎస్‌ఎఫ్‌ఎక్స్ పవర్ సప్లై 125 × 100 × 63.5 మి.మీ.; రెండింటినీ పక్కపక్కన పరిస్తే మందాన్ని నిర్ణయించేది పవర్ సప్లైయే గానీ కూలర్ కాదు. స్టాండాఫ్ (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న లోహపు కాలు) ఆరున్నర మి.మీ., బోర్డు 1.6, సాకెట్టూ ప్రాసెసరూ కలిపి ఏడెనిమిది, కూలర్ 37, అంతా కూడితే 53 దగ్గర ఆగుతుంది. లోపలి ఎత్తు 68, పైనా కిందా రెండేసి మి.మీ. రేకు, మొత్తం 72 మి.మీ. అవుతుంది. వెడల్పు 340, లోతు 250 పెట్టుకుంటే కేసు ఆరు లీటర్ల పైచిలుకుకు వస్తుంది. లోతు ఇంకా తగ్గించవచ్చు కానీ తగ్గించకండి: పవర్ సప్లై ముందు మిగిలే చోటులోనే కేబుళ్లన్నీ చుట్టుకుని కూర్చోవాలి, పైగా 250 మి.మీ. అంటే 10 అంగుళాల డ్రాయర్ చానల్ పొడవుకు సరిగ్గా సరిపోతుంది. చానల్ ఎందుకో తరువాత చెబుతాను.

అసలు ఆలోచించవలసింది వేడి గురించి. వేడిగాలి పైకి పోతుంది, పైన మీ బల్ల పలక మూతలా అడ్డుకుంటుంది. మామూలు కేసులో చేసినట్టు బోర్డును అడుగు రేకు మీద బిగించి కూలర్ ఫ్యాను పైకి చూసేలా పెడితే, పలక కింద నిలిచిపోయిన వేడిగాలినే అది మళ్లీ మళ్లీ పీలుస్తుంది. అందువల్ల బోర్డును పై రేకుకు తలకిందులుగా బిగించండి. అప్పుడు కూలర్ ఫ్యాను నేలవైపు చూస్తుంది, పవర్ సప్లై ఫ్యాను కూడా నేలవైపే చూసేలా తిప్పండి. అడుగున రంధ్రాలున్న జాలీ రేకు వేస్తే రెండూ మోకాళ్ల దగ్గరి చల్లటి గాలిని నేరుగా తీసుకుంటాయి. పవర్ సప్లై తన వేడిని తానే వెనుకకు వదులుతుంది. ప్రాసెసర్ వేడి పోవడానికి బోర్డు పక్కనున్న గోడలోను, వెనుక పలకలోను రంధ్రాలు పెట్టించండి. కూలర్‌ను తలకిందులు చేస్తే అందులోని హీట్‌పైపులు (లోపల ద్రవంతో వేడిని మోసే మూసిన గొట్టాలు) పనిచేయవేమోనని కొందరు అనుమానపడతారు. వాటి లోపలి గోడకు వత్తిలా పనిచేసే పొర ఉంటుంది, ద్రవం దాని గుండానే పాకి వెనక్కు వస్తుంది. కాబట్టి ఇంత చిన్న కూలర్‌కు దిశ మారినా చెప్పుకోదగ్గ తేడా రాదు.

ఇక్కడ ఒక చిన్న పని తప్పకుండా చేయాలి. పై లెక్క ప్రకారం కూలర్ ఫ్యానుకూ అడుగు జాలీ రేకుకూ మధ్య 15 మి.మీ. సందు మిగులుతుంది. ఆ సందును అలాగే వదిలేస్తే ఫ్యాను బయటి గాలితో పాటు కేసులోపలి వేడిగాలిని కూడా లాక్కుంటుంది. దళసరి ఫోమును ఫ్యాను చుట్టుకొలతకు చట్రంలా కత్తిరించి, జాలీకి ఆనేలా అంటించండి. పైసా ఖర్చు లేని పని ఇది, ఫలితం మాత్రం కనబడుతుంది. జాలీ రేకు కొనేటప్పుడు రంధ్రం వ్యాసాన్ని మాత్రమే చూడకండి: 3 మి.మీ. రంధ్రాలు కేంద్రం నుంచి కేంద్రానికి 5 మి.మీ. ఎడంలో, వరస తప్పించి ఉంటే తెరిచి ఉండే భాగం మూడో వంతు దాటదు. అదే ఎడం 4 మి.మీ. అయితే సగం తెరిచి ఉంటుంది.

5600జీ 95 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. గది వేడి ఒక డిగ్రీ పెరిగితే లోపల కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుందని లెక్క వేసుకోండి. వేసవి నెలల్లో బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి ప్రాసెసర్‌ను 65 వాట్ల నుంచి 45 వాట్లకు తగ్గించుకుంటే, పేజీల కూర్పు పనిలో మీకు తేడా తెలియదు, ఫ్యాను రొద మాత్రం తగ్గుతుంది.

జవాబు | మూడోపిన్ను, రాజమహేంద్రవరం

రంపంపొట్టు గారు గాలి సంగతి చక్కగా చెప్పారు. నేను వైరింగ్ పని చేసేవాడిని, కాబట్టి కరెంటు సంగతి చెబుతాను.

కంప్యూటర్ పవర్ సప్లైలో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు దాని లోహపు పెట్టెకు కలిపి ఉంటాయి. విద్యుత్ రొదను ఎర్తులోకి పంపించడం వాటి పని. మీ సాకెట్టులో ఎర్తు సరిగ్గా ఉన్నంతవరకు వాటి ఉనికే తెలియదు. ఎర్తు లేకపోతే ఆ పెట్టె, దానికి తగిలి ఉన్న మీ కేసు మొత్తం 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంటాయి. కరెంటు చాలా స్వల్పం కాబట్టి ప్రాణానికి ముప్పు ఉండదు గానీ, నిక్కరు వేసుకుని కూర్చున్నవారి మోకాలికి రేకు తగిలితే జివ్వుమంటుంది. టవర్ కేసును ఎవరూ ఒంటితో తాకుతూ కూర్చోరు. బల్ల కింద కేసు విషయం అలా కాదు. పని మొదలుపెట్టక ముందే సాకెట్టులో ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొద్ది వోల్టులు మాత్రమే ఉన్నాయో లేదో మీ ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చే ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడవద్దు.

కేసు తయారయ్యాక, ప్లగ్గు పీకి ఉంచి, మల్టీమీటర్‌తో ప్లగ్గులోని ఎర్తు పిన్నుకూ కేసులోని ప్రతి రేకుకూ మధ్య కంటిన్యుటీ (దారి తెగకుండా ఉందా అని) చూడండి. పౌడర్ కోటింగ్ చేయిస్తే అది ఇన్సులేటర్‌లా పనిచేస్తుంది. స్క్రూ తల ఆనే చోట, రేకూ రేకూ కలిసే చోట ఆ పూతను గీకి లోహం బయటపడేలా చేయాలి. బోర్డుల దుకాణాలవారు ఏసీపీ షీటుతో చౌకగా చేసిస్తామంటారు. దాని రెండు అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది, మామూలు రకంలో అది మండే పాలిథిలీన్. ఒక పొరకు ఎర్తు ఇచ్చినా రెండో పొరకు అందదు. సైన్‌బోర్డుకు మంచి సరుకే, దీనికి కాదు.

ప్లైవుడ్ వద్దని నేను అనను. చుట్టూ చెక్క పెట్టుకుని, బోర్డూ పవర్ సప్లై బిగించే పై పలకను మాత్రం అల్యూమినియంతో చేయించి ఎర్తుకు కలిపితే సరిపోతుంది. అయితే 12 మి.మీ. చెక్క పైనా కిందా వాడితే మీ 90 మి.మీ. హద్దులో ఇమడటం కష్టం.

ఇంకొక మాట, నవ్వుకోకండి: రంధ్రం ఏదీ 3 మి.మీ. మించనివ్వకండి. వెచ్చటి పవర్ సప్లైలోకి బల్లులు దూరి షార్ట్ అయిన సందర్భాలు మా వృత్తిలో అరుదేమీ కాదు, గోడకు దగ్గరగా వేలాడే పెట్టె వాటికి మరీ అనువు.

జవాబు | పాతసామాను, సికింద్రాబాద్

గ్రాఫిక్స్ కార్డు అక్కర లేనప్పుడు ఇంత శ్రమ ఎందుకని నా అభిప్రాయం. ఆఫీసుల నుంచి తీసేసిన థింక్‌సెంటర్ టైనీ వంటివి ఇక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరుకుతాయి. సుమారు 18 సెం.మీ. చతురస్రం, మందం 35 మి.మీ. లోపే. మానిటర్ వెనుక బిగించే వీసా బ్రాకెట్‌తోనే బల్ల కిందా బిగించుకోవచ్చు. అడాప్టర్ బయటే ఉంటుంది కాబట్టి లోపల పుట్టే వేడి కూడా తక్కువ.

తిరిగి ప్రశ్నించినవారు | అచ్చుపని, విజయవాడ

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాతసామాను గారూ, మీరు చెప్పినది తేలికైన దారే. కానీ ఆ చిన్న యంత్రాల్లో ల్యాప్‌టాప్ రకం ర్యామ్ పడుతుంది. నా దగ్గరున్న 32 జీబీ ర్యామ్‌నూ, బోర్డునూ అమ్ముకుంటే వచ్చేది చాలా తక్కువ. అందుచేత కేసు చేయించడానికే నిశ్చయించుకున్నాను. 2 మి.మీ. అల్యూమినియం, బోర్డు తలకిందులు, అడుగున జాలీ.

ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. తలకిందులుగా వేలాడే కేసును విప్పాలంటే ప్రతిసారీ బల్ల కింద వెల్లకిలా పడుకుని టార్చి పట్టుకోవాలా? పవర్ బటన్ ఎక్కడ పెట్టుకోవాలి? నాలుగు వైపులా లోహం ఉంటే వైఫై అందుతుందా?

జవాబు | రంపంపొట్టు

చానల్ సంగతి తరువాత చెబుతానన్నది అందుకే. వంటింటి సొరుగులకు వాడే బాల్ బేరింగ్ టెలిస్కోపిక్ చానళ్లు ఒక జత తీసుకోండి. ఒక్కొక్కటి దాదాపు 12.7 మి.మీ. మందం ఉంటుంది కాబట్టి 340 వెడల్పు కేసుకు ఇరువైపులా 13 మి.మీ. చొప్పున వదిలి, పలక అడుగున 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీలు రెండు నిలువుగా బిగించి, వాటికి చానళ్లు కొట్టించాలి. పట్టీలకూ పలకకూ ఎల్ యాంగిళ్లు వేయండి. పార్టికల్ బోర్డు స్క్రూను గట్టిగా పట్టుకోదు. అన్నీ కలిసి ఐదారు కిలోలు వేలాడతాయి కాబట్టి ఒక్కో యాంగిల్‌కు ఒకటి రెండు పెద్ద స్క్రూలకు బదులు 16 మి.మీ. పొడవున్నవి ఎక్కువ సంఖ్యలో వేసి, ముందు సన్నటి బెజ్జం పెట్టి, అందులో ఫెవికాల్ చుక్క వేసి బిగించమనండి. అంతకన్నా పొడవైన స్క్రూ లామినేట్‌ను పొడుచుకుని పైకి తేలుతుంది. కేసు పై రేకుకూ పలకకూ మధ్య 10 మి.మీ. గాలి సందు వదిలితే మొత్తం 82 అవుతుంది, మీ హద్దులోనే ఉంటుంది.

ఈ చానళ్ల లోపలి పట్టీ మీద నల్లటి ప్లాస్టిక్ మీట ఒకటి ఉంటుంది. కేసును పూర్తిగా ముందుకు లాగి, ఒకవైపు మీటను పైకి, రెండోవైపు మీటను కిందికి నొక్కి పట్టుకుని లాగితే పెట్టె చేతిలోకి ఊడివస్తుంది. దాన్ని బల్ల మీద బోర్లించి పెడితే జాలీ రేకు పైకి వస్తుంది, నాలుగు స్క్రూలు తీస్తే బోర్డు మొత్తం కళ్ల ముందు ఉంటుంది. టార్చి అవసరం లేదు. వెనుక కేబుళ్లకు మాత్రం కనీసం 300 మి.మీ. అదనపు పొడవు ఉండాలి. వాటన్నింటినీ ఒకే వైపుకు తెచ్చి, వెల్క్రో పట్టీతో ఒక కట్టగా చేసి, కేసు లాగినప్పుడు తెరుచుకునే పెద్ద మలుపుగా వదలండి. బల్ల వెనుక అంచుకూ గోడకూ మధ్య ఒక బెత్తెడు ఎడం లేకపోతే ఆ మలుపూ పట్టదు, వేడిగాలీ పోదు.

పవర్ బటన్‌కు 16 మి.మీ. లోహపు స్విచ్, నొక్కి వదిలే రకం తీసుకుని ప్లైవుడ్ పట్టీ ముందు అంచులో పెట్టుకోండి. మదర్‌బోర్డు మీది రెండు పిన్నులకు రెండు సన్నటి తీగలు వెళితే చాలు, ఏది ఎటు తగిలించినా ఫరవాలేదు. మధ్యలో ఊడదీయగలిగే చిన్న కనెక్టర్ పెట్టించండి, లేకపోతే కేసు బయటకు తీసిన ప్రతిసారీ తీగ తెగుతుంది. వైఫై యాంటెన్నా పెట్టెలోపల ఉంటే సిగ్నల్ రాదు. అయస్కాంతపు అడుగున్న బయటి యాంటెన్నాను తీగతో తెచ్చి ఇనుప కాలికి అంటించండి, యూఎస్‌బీ 3 పోర్టులకు కాస్త దూరంగా. వాటి నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను చెడగొడుతుంది.

స్టాండాఫ్ రంధ్రాలకు టేపు పట్టుకుని కొలవవద్దు. మినీ-ఐటీఎక్స్ బోర్డు నాలుగు బెజ్జాలూ దీర్ఘచతురస్రంలో ఉండవు, ఒకటి పక్కకు జరిగి ఉంటుంది. బోర్డు నమూనాను ఏ4 కాగితం మీద అసలు పరిమాణంలో ముద్రించి, అంచు 170 మి.మీ. సరిగ్గా వచ్చిందని స్కేలుతో చూసుకున్నాకే ఆ కాగితాన్ని రేకు మీద అంటించి పంచ్ గుర్తులు పెట్టించండి. అది పై రేకు లోపలి ముఖం మీద పడే అమరిక కాబట్టి, పోర్టులు వెనుకకు చూసేలా బోర్డును రేకు మీద ఒకసారి పెట్టి చూడండి. తలకిందులు చేసే పనిలో కుడి ఎడమలు తారుమారు కావడం చాలా తేలిక, లేజర్ కటింగ్ అయ్యాక దిద్దుకోవడానికి ఉండదు.

వెనుక పలక ఒక్కటి మాత్రం 2 మి.మీ. వద్దు. మీ బోర్డుకు ఐఓ షీల్డ్ (వెనుక పోర్టుల చుట్టూ ఉండే పల్చటి రేకు) విడిగా వచ్చి ఉంటే, దానికి కావలసిన కంత 158.75 × 44.45 మి.మీ.; ఆ షీల్డ్ అంచులు ఒక మి.మీ. కాస్త పైచిలుకు మందం రేకునే పట్టుకుంటాయి. అక్కడ 1.2 మి.మీ. ఉక్కు రేకు వేయించండి. షీల్డ్ బోర్డుకే బిగించి వచ్చిన రకమైతే ఏ మందమైనా సరే, కంతను ఆ షీల్డ్ కొలతకు అర మి.మీ. వదులుగా తీయించుకుంటే చాలు.