పైకి అందరం ఒకేలా, మరి లోపల? ఎవరైనా కాస్త చెప్పండి

గ్లోబలైజేషన్ వల్ల సంస్కృతుల మధ్య తేడాలు చెరిగిపోతున్నాయా అన్న టాపిక్ మీద సెమినార్ పేపర్ రాస్తున్నాను. మొదట్లో ఈజీ అనుకున్నా, ఇప్పుడు తల తిరుగుతోంది.

ఆ మధ్య ఒక ఆన్‌లైన్ ప్రాజెక్టులో ఐదు దేశాలవాళ్లం కలిసి పనిచేశాం. అవే ఫోన్లు, అవే ఎమోజీలు, అదే ఇంగ్లిష్. నేనో ప్లాన్ చెప్తే ఇద్దరు నోరు మెదపలేదు, సరే ఒప్పుకున్నారు కదా అని ముందుకెళ్లిపోయాను. తీరా చూస్తే ఒకరి మౌనం నిజంగానే సరే అనడం, రెండోవారిది మొహం మీద కాదనలేక ఊరుకోవడం. వారం రోజుల పని గంగలో కలిసింది (తప్పు నాదే, అడగాల్సింది).

వరల్డ్ వాల్యూస్ సర్వే (చాలా దేశాల్లో జనం విలువలు, నమ్మకాల మీద చేసే సర్వే) డేటాతో పరిశోధకులు ఇంగిల్‌హార్ట్, బేకర్ 2000లో రాసింది కూడా ఇలాంటిదే. ఆర్థికాభివృద్ధితో విలువలు మారతాయి గానీ పాత సంస్కృతి ముద్ర మాత్రం పోదని. నాకది నచ్చింది. కానీ మా గైడ్ ఒప్పుకోవడం లేదు. తేడాలకు ముప్పే లేకపోతే 2005లో సాంస్కృతిక వైవిధ్యం కాపాడాలని యునెస్కో తెచ్చిన ఒప్పందానికి 148 దేశాలు ఎందుకు ఓటేశాయి, వద్దన్నవి రెండే కదా అంటున్నారు. దీనికేం జవాబు చెప్పాలో తెలియట్లేదు.

భాష, వినోదం లాంటి పైకి కనిపించేవాటినీ, ఈ మౌనం లాంటి అలవాట్లనూ విడివిడిగా చూడొచ్చా? లేక భాష పోతే అవీ పోతాయా? సోషియాలజీ చదివినవాళ్లు, వేరే దేశాలవాళ్లతో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు మీకు ఎదురైనవి చెప్తే చాలా హెల్ప్ అవుతుంది.