మోడల్ రైల్వే పత్రికలు మన నౌపడ లైను కట్టుకోవడానికి ఎంతవరకు పనికొస్తాయి?

ప్రశ్న: గంటస్తంభం (విజయనగరం)

అందరికీ నమస్కారం. నిరుడు వానాకాలంలో, పాత పుస్తకాల కొట్టులో తూకానికి అమ్మే ఇంగ్లీషు పత్రికల కట్టల మధ్య నాకు రైళ్ల నమూనాలు కట్టేవారి కోసం వెలువడే ‘రైల్వే మోడలర్’ పత్రిక సంచికలు 31 దొరికాయి. అంతకుముందు మోడల్ రైల్వే అంటే పిల్లల పుట్టినరోజుకు కొనిచ్చే, గుండ్రంగా తిరిగే రైలుబొమ్మ అనే అనుకునేవాణ్ణి. ఆ కట్టను ఇంటికి తెచ్చి, రాత్రి భోజనాలయ్యాక రోజుకు కొన్ని పేజీల చొప్పున చదవడం మొదలుపెట్టాను. ఏడాది దాటినా ఒక్క రాత్రి విసుగనిపించలేదు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక సంచికలో ఒకాయన తన లేఅవుట్‌లోని (చెక్క మీద కట్టుకున్న చిన్న రైల్వే నమూనాలోని) గూడ్స్ షెడ్డు గోడ గురించే రెండు పేజీలు రాశారు. చూరు గొట్టం కారే చోట ఇటుక గోడ మీదుగా తడి ఎలా దిగుతుంది, పైన నల్లగా ఉన్న చార కిందికి వచ్చేసరికి పచ్చగా ఎందుకు మారుతుంది, ఆ రంగును ఎంత పల్చన చేసుకుని ఏ కుంచెతో ఎటు లాగాలి అన్నదే ఆ రెండు పేజీల విషయం. నాలుగుసార్లు చదివి, ఆదివారం పొద్దున్నే మన జంక్షన్‌కు వెళ్లి ఒక పాత గోడ ముందు నిలబడ్డాను. సరిగ్గా అలాంటి చారే, అడుగున వేలెడు వెడల్పున నాచుతో, గొట్టం అతుకు దగ్గర మొదలై నేల దాకా ఉంది. ఇరవై ఏళ్లుగా అక్కడ రైలెక్కుతున్నవాణ్ణి, ఆ చారను ఆ రోజే మొదటిసారి చూశాను.

ఇప్పుడు నా సందేహాలు. మేడ మీద గదిలో ఎనిమిది అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు చెక్క వేసుకుని, నౌపడ–గుణుపురం నేరోగేజ్ (పట్టాల మధ్య దూరం తక్కువుండే) లైనులో ఒక చిన్న స్టేషన్ కట్టాలని నా కోరిక. ఈ పత్రికేమో ఇంగ్లండ్‌లోని డెవాన్ నుంచి వస్తుంది. అందులోని ఊళ్లు, చెట్లు, ఇళ్లు, పట్టాల కొలతలు అన్నీ అక్కడివే. చందా కట్టి తెప్పించుకుంటే మన లైను కట్టడానికి నిజంగా ఉపయోగపడుతుందా, లేక చదివి ఆనందించడంతో సరిపెట్టుకోవాలా? కాగితం సంచిక మంచిదా, డిజిటల్ సంచిక మంచిదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

జవాబు: ఆమదాలవలస ప్లాట్‌ఫారం

కాగితమా డిజిటలా అన్నదానికి మాత్రం నేను చెప్పగలను. మన తీరంలో పుస్తకానికి మొదటి శత్రువు ఉప్పుగాలి. ఈ పత్రికలను మధ్యలో పిన్నులు కొట్టి కుడతారు కాబట్టి రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ పిన్నులు తుప్పు పట్టి, చుట్టూ కాగితాన్ని గోధుమరంగుగా మార్చి, నడిమి పేజీని ఊడదీస్తాయి. నడిమి పేజీలోనే చాలాసార్లు మంచి ట్రాక్ ప్లాన్ ఉంటుంది. నేను పిన్నులు జాగ్రత్తగా తీసేసి, అవే రంధ్రాల గుండా మైనం పట్టించిన దారంతో కుట్టి, బీరువాలో ఎండిన వేపాకు వేసి ఉంచుతున్నాను. పదకొండేళ్లుగా చెక్కుచెదరలేదు. కొత్త సంచికలను మాత్రం డిజిటల్‌గానే తీసుకుంటున్నాను. ఒకసారి టపాలో వచ్చిన సంచిక వర్షానికి తడిసి, పేజీలన్నీ అట్టలా అతుక్కుపోయి చేతికందింది. ఆ నెల పడిన బాధ మళ్లీ పడదలచుకోలేదు.

జవాబు: ఉప్పుమడి (టెక్కలి)

గంటస్తంభం గారూ, మీ కోరిక చదివి చాలా సంతోషించాను. నేను ఆ చిన్న రైలులోనే బడికి వెళ్లి, చివరికి బడిపంతులుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ ప్రశ్నకు నా జవాబు ఒకటే: ఆ పత్రికలు మీకు తప్పకుండా పనికొస్తాయి, కాకపోతే వాటిలోని కొలతలను నకలు చేయకండి, కొలిచే పద్ధతిని నేర్చుకోండి.

ముందుగా స్కేలు, అంటే అసలుదాన్ని ఎన్నో వంతుకు తగ్గించి కట్టాలన్న సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే బ్రిటిష్ పత్రికలు మాత్రమే చదివేవారు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. బ్రిటన్‌లో ఎక్కువమంది అనుసరించే ఓఓ స్కేలులో అసలు అడుగుకు 4 మిల్లీమీటర్లు, అంటే సుమారు 76వ వంతు. అమెరికా వారి హెచ్‌ఓ స్కేలులో అడుగుకు 3.5 మిల్లీమీటర్లు, అంటే 87వ వంతు. రెండింటికీ వాడే పట్టాల మధ్య దూరం మాత్రం ఒకటే, 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని హెచ్‌ఓలోకి దించితే 19 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది కాబట్టి బజారులో దొరికే పట్టాల మీద మన బ్రాడ్‌గేజ్ బండి ఎప్పుడూ కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడినట్టు కనిపిస్తుంది. నేరోగేజ్‌కు ఆ చిక్కు లేదు. నౌపడ లైను గేజి 2 అడుగుల 6 అంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 8.76 వస్తుంది. అంతకన్నా చిన్నదైన ఎన్ స్కేలు కోసం తయారయ్యే పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. తేడా పావు మిల్లీమీటరు, కంటికి ఆనదు. అదే 9 మిల్లీమీటర్ల పట్టాలను బ్రిటిష్ ఓఓ కొలతతో చూస్తే 2 అడుగుల 3 అంగుళాల లైనవుతుంది, మనది కాదు. అమెరికా వారు ఈ జోడింపును హెచ్‌ఓఎన్30 అంటారు. ఆ 30 అన్నది ముప్పై అంగుళాలే, మన రెండున్నర అడుగులే. అందుచేత బ్రిటిష్ పత్రిక మీ చేతిలో ఉన్నా లెక్క మాత్రం హెచ్‌ఓలో వేయండి. వీలైతే 1934 నుంచి వెలువడుతున్న అమెరికా పత్రిక ‘మోడల్ రైల్‌రోడర్’ పాత సంచికలు కొన్ని కూడా సంపాదించండి.

ఇక లైను సంగతి. పర్లాకిమిడి రాజావారు తమ సంస్థానాన్ని ప్రధాన లైనుతో కలపడానికి నౌపడ నుంచి వేయించిన ఈ చిన్న లైను 1900లో మొదలై, 1931 నాటికి గుణుపురం చేరింది. 2004లో గేజి మార్పిడి కోసం మూసివేశారు; 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ వచ్చింది. మొత్తం పొడవు సుమారు 90 కిలోమీటర్లు. 87వ వంతుకు దించినా కిలోమీటరు దాటుతుంది కాబట్టి మీ ఎనిమిది అడుగుల చెక్క మీద ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదే అసలు పని. నా దృష్టిలో ఆ పత్రికలు నేర్పే విద్యల్లో ఇదే అన్నిటికన్నా గొప్పది. ‘ఈ నెల రైల్వే’ అని ప్రతి సంచికలో ఒక లేఅవుట్‌ను విస్తారంగా పరిచయం చేసే శీర్షిక ఉంటుంది కదా, దానిని చదివేటప్పుడు ఫొటోలు చూసి ముగించకుండా, ఆ మనిషి తన ఊరి స్టేషన్ నుంచి ఏమేమి వదిలేశాడో ఒక కాగితం మీద రాసుకోండి. పది లేఅవుట్లకు అలా చేస్తే, టెక్కలి కట్టాలో, టెంబూరు కట్టాలో, పాతపట్నం కట్టాలో మీకే తెలుస్తుంది.

నాకు ఆ పత్రికల్లో అన్నిటికన్నా ఇష్టమైనవి స్కేలు డ్రాయింగులు. ఊరూపేరూ లేని ఒక లాంప్ గది, ఒక గ్యాంగ్ గుడిసె, ఒక నీటి తొట్టి. నాలుగు వైపుల నుంచి గీసి, కిటికీ రెక్క మందం దాకా అంకెలు వేసి ఇస్తారు. ఎవరో ఒక ఔత్సాహికుడు సెలవు రోజున టేపు పట్టుకుని కొలిచినవే అవన్నీ. అది చూసి నేనూ దర్జీ టేపు, రూళ్ల పుస్తకం పట్టుకుని బయలుదేరాను. మా దగ్గర ఉప్పు నిలవచేసే ఒక పాత షెడ్డు తలుపు ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు; పలకల మధ్య సందులో అగ్గిపుల్ల దూరుతుంది; మూడో పలక మాత్రం తక్కిన వాటికన్నా కొత్తది, మేకుల తలలు ఇంకా తుప్పు పట్టలేదు. ఇవన్నీ రాసుకున్నాను కాబట్టే, ఆ షెడ్డు కూలిపోయాక కూడా నా బల్ల మీద నిలబడి ఉంది.

కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ ఆలెన్ అనే ఆయన తన ఇంటి నేలమాళిగలో ఏళ్ల తరబడి ఒక గొప్ప హెచ్‌ఓ లేఅవుట్ కట్టారు. 1973 జనవరిలో ఆయన కన్నుమూసిన కొద్ది రోజులకే అది అగ్నికి ఆహుతైంది. ఈనాటికీ ఆ కొండలను, ఆ వంతెనలను తలచుకుని మాట్లాడుకోగలుగుతున్నామంటే పత్రికల్లో అచ్చయిన ఫొటోల వల్లనే. మన చిన్న లైను అసలుది కూడా పోయింది. అందుకని, మీరు లేఅవుట్ కట్టడానికి ఎంతకాలం పట్టినా పట్టనివ్వండి, మిగిలిన గోడలను, కల్వర్టులను మాత్రం ఈ ఎండాకాలంలోనే కొలిచి పెట్టుకోండి.

జవాబు: సాలూరు రైలుబస్సు (బొబ్బిలి)

మాస్టారు చెప్పిన లెక్కలు అక్షరాలా నిజమే కానీ, ఒక విషయంలో ఆయనతో మర్యాదగా విభేదిస్తాను. మొదటిసారి కట్టేవారికి స్కేలు, కొలతలు, డ్రాయింగులు అంటూ ముందే బరువు పెడితే చెక్క గోడకు ఆనించి ఉండిపోతుంది. నాకు ఆరేళ్లు అలాగే ఉండిపోయింది. ఆ పత్రికల వల్ల నాకు దక్కిన మేలు మరొకటి: రైలు నడపడం. గుండ్రంగా తిప్పడాన్ని నేను నడపడం అనను. ఏ వ్యాగన్ ఎక్కడికి, ఎందుకు వెళ్లాలో నిర్ణయించుకుని షంటింగ్ చేయడమే నడపడం.

ఇంగ్లండ్‌లో ఆలన్ రైట్ కట్టిన ‘ఇంగిల్‌నుక్’ అనే చిన్న అమరిక గురించి ఆ పత్రికలు చదివేవారందరికీ తెలుసు. రెండు పాయింట్లు (పట్టాలు చీలే చోట్లు), మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు). పొడవైనదానిలో 5 వ్యాగన్లు, తక్కిన రెండింటిలో చెరి 3 పడతాయి. ఇంజిన్ వెనక్కి వచ్చే ముక్కలో ఇంజిన్‌తో పాటు 3 వ్యాగన్లకు మాత్రమే చోటు. మొత్తం 8 వ్యాగన్లు. చీటీలు తీసి, వచ్చిన వరుసలో 5 వ్యాగన్లను పొడవైన సైడింగులో కూర్చాలి. సాధ్యమయ్యే వరుసలు 6720. నేరోగేజ్ నాలుగు చక్రాల వ్యాగన్ ఒకటి 7 సెంటీమీటర్లు అనుకుంటే నాలుగడుగుల చెక్క చాలు, మీ ఎనిమిది అడుగుల్లో సగం చెట్లకు, ఉప్పు మడులకు మిగులుతుంది. నౌపడలో ఉప్పు ఎక్కించే సైడింగ్ అనుకుని దాన్నే మొదట కట్టండి. మా ఇంట్లో సాయంత్రం టీ తాగాక నేనూ మా అమ్మాయీ చీటీలు తీస్తే, చాలా రోజులు దీపాలు పెట్టే వేళ కూడా మరిచిపోతాం.

సామాను విషయం కూడా ఒక మాట. పత్రికల్లో ప్రకటనలు చూసి ప్రతిదీ అక్కడి నుంచి తెప్పించనక్కరలేదు. ఇంజిన్, పట్టాలు, పాయింట్లు తప్పవు. పట్టాలు నికెల్ సిల్వర్‌వే తీసుకోండి, ఇత్తడివి మన గాలికి నల్లబడి కరెంటు అందక ఇంజిన్ ఆగిపోతుంది. మిగిలినదంతా ఇక్కడిదే. బొబ్బిలిలో వీణలు చేసేవారి దగ్గర మిగిలే పనస చెక్క పేళ్లతో నేను ప్లాట్‌ఫారం అంచులు, స్లీపర్ల దొంతరలు చేశాను. నాగావళి ఇసుకను టీ వడపోసే జల్లెడలో పట్టి కంకరగా పోశాను.

గంటస్తంభం (విజయనగరం)

ముగ్గురికీ కృతజ్ఞతలు. మాస్టారూ, వచ్చే ఆదివారమే టేపు పట్టుకుని పాతపట్నం వైపు వెళ్తున్నాను. అక్కా, ఇంగిల్‌నుక్ ప్లాన్‌ను అట్టముక్క మీద గీసి, వ్యాగన్లకు బదులు అగ్గిపెట్టెలు పెట్టి నిన్న రాత్రే ప్రయత్నించాను. ఒక వరుసకు నలభై కదలికలు పట్టింది. డిజిటల్ చందా కూడా కట్టేశాను. ఒక్క ప్రశ్న మిగిలింది. నా సంచికల్లో చెట్ల మీద ఏడు వ్యాసాలున్నాయి, అన్నీ ఓక్, బిర్చ్ వంటివే. తాటిచెట్టు లేకుండా మన లైను ఎలా అవుతుంది?

ఉప్పుమడి (టెక్కలి)

ఆ ఏడు వ్యాసాల్లోనూ మొదటి పేరా ఒకటే చెబుతుంది, మళ్లీ తీసి చూడండి: చెట్టు దగ్గరికి వెళ్లి ముందు ఆకారం గీసుకోమంటారు. నేను అలాగే చేశాను. పదిహేడు మీటర్ల తాటిచెట్టు మన స్కేలులో 20 సెంటీమీటర్లు అవుతుంది. మానుకు 5 మిల్లీమీటర్ల వెదురు పుల్ల తీసుకుని, మొదలు కాస్త లావుగా ఉండేలా కాగితపు పీలికలు చుట్టి, నల్లబూడిద రంగు వేయాలి; పచ్చి గోధుమరంగు వేస్తే కొబ్బరిచెట్టులా కనిపిస్తుంది. ఆకు ఒక్కొక్కటి ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పున పల్చటి కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి కత్తిరించాలి. ఒక చెట్టుకు 30 ఆకులైనా లేకపోతే తల బోడిగా ఉంటుంది. కింది వరుస ఆకులను ఎండు రంగులో, మానుకు ఆనేలా వేలాడదీయండి. చివరగా రెండు మూడు ఆకుల కొసలకు కొబ్బరి పీచు ముక్కను జిగురుతో ఉండ చేసి అతికిస్తే గిజిగాడి గూళ్లవుతాయి. గుంపులో మూడు చెట్లు పెట్టి, ఒకటి మాత్రం సముద్రపు గాలికి పడమరకు వాలినట్టు నాటండి.