మెదడుకు పాకిన క్యాన్సర్: నాన్నగారికి స్పృహ పోతున్నట్టేనా?

గోదారిగట్టు:
రాత్రి రెండు గంటల నుంచి వెతుకుతున్నాను, ఒక్కచోటా సూటిగా జవాబు దొరకలేదు. మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకింది. నాలుగు రోజులుగా పగలంతా మగతగా పడి ఉండి, రాత్రయ్యేసరికి లేచి కూర్చుని, కళ్లజోడు డబ్బా గట్టిగా పట్టుకుని, బస్సు వచ్చిందా అని అడుగుతున్నారు. ఈ ఉదయం కంచంలో కుడివైపున్న ఇడ్లీ తిని, ఎడమవైపున్నదాన్ని చూడనైనా చూడలేదు. స్పృహ పోతున్నట్టేనా? ఒక్క ముక్కలో చెప్పండి.

పాతమాష్టారు:
ఒక్క ముక్కలో తేలేది కాదండీ. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. 'నిస్పృహ'లో ఆ జాడ నేటికీ ఉంది. మీరు అడుగుతున్నది మెలకువ గురించా, ఎరుక గురించా? మెలకువను నిలిపేది మెదడు అడుగున ఉండే కాండం, మెదడు నడిమధ్యన ఉండే థాలమస్. ఎరుక ఎక్కువగా మెదడు పైపొర పని. పైపొరలో ఒకవైపు గడ్డ ఉన్నంత మాత్రాన మెలకువ పోదు కానీ, దాని చుట్టూ వాపు పెరిగి, పుర్రెలో ఒత్తిడి ఎక్కువై, కాండం నలిగితే పోతుంది.

రాత్రిడ్యూటీ:
ఏ మందులు వాడుతున్నారో రాయలేదు.

గోదారిగట్టు:
మామూలు మందులేనండీ. నొప్పికి మార్ఫిన్ ఇస్తున్నాము. డెక్సామెథసోన్ రెండు నెలలు వాడి, షుగర్ పెరుగుతోందని పోయిన వారం మేమే మానిపించాము.

రాత్రిడ్యూటీ:
అది మొదటే చెప్పవలసిన సంగతి. డెక్సామెథసోన్ స్టెరాయిడ్ మందు, గడ్డ చుట్టూ ఉన్న వాపును అణచి ఉంచుతుంది. ఆపితే వాపు మళ్లీ రావచ్చు, పైగా అన్నాళ్లు వాడినదాన్ని ఒక్కసారిగా మానిపిస్తే ప్రాణానికే ముప్పు. మార్ఫిన్ ఎక్కువైనా, సోడియం తగ్గినా, కాల్షియం పెరిగినా, పైకి కనిపించని మూర్ఛ వచ్చినా ఇలాగే ఉంటారు. వీటిలో చాలావాటిని సరిదిద్దవచ్చు. ఈ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లి, మందు ఆపిన తేదీ చెప్పండి.

వేపచెట్టునీడ:
మా వైపు దీన్ని సన్నిపాతం అంటారు.

పాతమాష్టారు:
ఆయుర్వేదంలో సన్నిపాతమంటే వాత, పిత్త, కఫాలనే మూడు దోషాలూ కలిసి ప్రకోపించడం. ప్రతి పలవరింతకూ ఆ పేరు పెట్టకూడదు.

రాత్రిడ్యూటీ:
ఆసుపత్రిలో డెలిరియం అంటారు. గంటగంటకూ మారడం, రాత్రిపూట ముదరడం దాని తీరు. ఇడ్లీ సంగతి వేరు. కుడివైపు మెదడు దెబ్బతింటే, కన్ను చూస్తున్నా ధ్యాస ఎడమవైపుకు పోకపోవచ్చు. బాగా మెలకువగా ఉన్నప్పుడే కంచం తిప్పి పెట్టి చూడండి. మగతలో నోటికేమీ అందించకండి.

గోదారిగట్టు:
తిప్పి పెడితే రెండోదీ తిన్నారు. కారు వచ్చింది, బయలుదేరుతున్నాము. థాంక్సండీ.

పాతమాష్టారు:
సన్నిపాతం గురించి నేనన్నదానికి ఎవరూ బదులివ్వలేదు.