స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) మెషిన్‌లో ఏహెచ్‌ఐ (గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా తగ్గింది) 2.3 వస్తోంది. కనిష్ఠ ప్రెషర్ 4 ఉంచాలా, పెంచాలా?

ముక్కుసూటి: ఆటో సీపాప్ (మాస్క్‌తో గాలి పంపుతూ ప్రెషర్ తనే మార్చుకునే మెషిన్), రేంజ్ 4–20. షాపువాళ్లిచ్చిన రిపోర్టులో ప్రెషర్ మీడియన్ 8.6, 95 శాతం (అంటే 95 శాతం సేపు ఇంతకు మించలేదు) 11.8, మాస్క్ లీక్ 95 శాతం నిమిషానికి 31 లీటర్లు. పగలు మత్తు పోవట్లేదు. 4ని 8 చేస్తే?

గాలిమర: చేయండి. మీడియన్ 8.6 అంటే రాత్రి సగం సేపు అంతకు పైనే. 4 దగ్గర చాలామందికి గాలి చాలదు. పైగా మెషిన్ ఒక్కసారిగా ఎగరదు, మెల్లగా పెంచుకుంటూ పోతుంది. ఆలోగా గొంతు మూసుకుంటూనే ఉంటుంది.

కృష్ణాతీరం: ముందు లీక్ సంగతి చూడండి. రెస్‌మెడ్ కంపెనీ మెషిన్లకు హద్దు 24. అది దాటినసేపు మెషిన్ లెక్కే నమ్మలేం, మీ 2.3తో సహా.

గాలిమర: ఏ కంపెనీదో అడక్కుండానే 24 అంటారేం? ఫిలిప్స్ అయితే మాస్క్ రంధ్రాల గాలినీ కలిపి చూపిస్తుంది. అందులో 31 మామూలే.

కృష్ణాతీరం: ఫిలిప్స్ రిపోర్టులో 90 శాతం ఉంటుంది. ఇక్కడ 95 అన్నారు. చూసుకోండి.

ముక్కుసూటి: రెస్‌మెడే.

పల్లెటూరి: ఏహెచ్‌ఐ 5 లోపుంటే ఇంకేం గొడవండీ?

కృష్ణాతీరం: ఏహెచ్‌ఐలో పడేది కనీసం 10 సెకన్ల ఆటంకమే. ఊపిరి పీల్చే గీత పైన చదునుగా ఉంటే దారి ఇరుకైనట్టు. అది ఇందులోకి రాదు, నిద్ర మాత్రం చెడుతుంది. భాగించేది కూడా మెషిన్ నడిచిన గంటలతో, నిద్రపోయిన గంటలతో కాదు. మెషిన్‌లోని ఎస్‌డీ కార్డు లాక్ చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఓస్కార్ అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫ్ చూడండి. తిరిగి పెట్టేముందు లాక్ తీయండి, లేకపోతే ఆ రాత్రి వివరాలు కార్డులో నమోదు కావు.

గాలిమర: చూశాక మార్చుకోవద్దంటారు, అంతేగా!

కృష్ణాతీరం: ప్రెషర్ పెంచితే కొందరికి క్లియర్ ఎయిర్‌వే ఆప్నియాలు (ఊపిరి ఆగడాలు) మొదలవుతాయి. దారి తెరిచే ఉంటుంది, ఊపిరి పీల్చే ప్రయత్నమే ఉండదు. దానికి ఇంకా పెంచడం మందు కాదు. గుండె జబ్బున్నవాళ్లు ఇలా చేతికొచ్చింది తిప్పితే ఎవరిది పూచీ?

గాలిమర: అసలు మాట ఇప్పుడొచ్చింది. 4–20 పెట్టి పంపేది షాపు కుర్రాడు. ఆ కార్డు తీసి చూసే డాక్టరెంతమంది? ఎవరూ చూడనిదాన్ని పేషెంటు కూడా చూడకూడదా?

కృష్ణాతీరం: చూడొద్దని ఎవరన్నారు? చూసి, గ్రాఫు పట్టుకెళ్లి అడగమంటున్నా.

ముక్కుసూటి: కార్డు చూశా. మాస్క్ ముక్కుది. ప్రెషర్ 10 దాటినప్పుడల్లా లీక్ గీత బల్లపరుపుగా 35 దగ్గర నిలబడుతోంది.

కృష్ణాతీరం: నోరు తెరుచుకుంటున్నట్టుంది. మాస్క్ జారితే గీత సాధారణంగా ముళ్లుముళ్లుగా వస్తుంది. పట్టీలు బిగించకండి, కుషన్ నలిగి ఇంకా కారుతుంది. ముక్కు దిబ్బడ ఉందేమో చూసుకుని, ఫుల్‌ఫేస్ మాస్క్ సంగతి అడగండి.

గాలిమర: 10 దాటాకే కదా లీకు. మరి 8కి అడ్డేమిటి?

కృష్ణాతీరం: 8కి నాకూ అభ్యంతరం లేదు. డాక్టరుకి చెప్పకుండా మార్చడానికే.