ఫోరెన్సిక్ సైన్సా, అనలిటికల్ కెమిస్ట్రీనా? పీజీ విషయంలో సలహా కావాలి

సందేహాల పుట్ట:
నమస్కారమండి. రసాయన శాస్త్రంలో డిగ్రీ పూర్తి చేశాను. ఎమ్మెస్సీకి రెండు చోట్ల సీటు వచ్చింది, ఒకటి ఫోరెన్సిక్ సైన్స్, ఇంకొకటి అనలిటికల్ కెమిస్ట్రీ. నా మనసు మొదటిదాని మీద ఉంది, నాన్నగారు రెండోదే మేలంటున్నారు. ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి, ఏది చదివితే నయం? పట్టా చేతికి రాగానే కేసులు చూడనిస్తారా?

పాత సూక్ష్మదర్శిని:
పద్నాలుగేళ్లుగా రక్తం, ఇతర శరీర ద్రవాలు పరీక్షించే విభాగంలో ఉన్నాను. ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు: చూడనివ్వరు. నేను చేరాక ఏడాది పాటు నా సంతకంతో ఒక్క నివేదిక కూడా బయటికి పోలేదు. ఫలితం ముందే తెలిసిన నమూనాలు ఇచ్చి, అవే పరీక్షలు మళ్లీ మళ్లీ చేయించారు.

మొదటి నెలలోనే నాకు అక్షింతలు పడ్డాయి. గుడ్డ మీద గోధుమ రంగు మరక, చేయాల్సింది కాసల్-మేయర్ పరీక్ష, అంటే మరక రక్తమేమోనని ముందుగా చూసే రంగు పరీక్ష. మరకను ఫిల్టర్ కాగితంతో రుద్ది, దాని మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం ఒక చుక్క వేసి ఆగాలి. అప్పుడే గులాబీ రంగు వచ్చిందంటే అక్కడ వేరే ఆక్సీకరణి ఏదో ఉన్నట్టు. రాకపోతేనే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయాలి. రంగు కొన్ని సెకన్లలో రావాలి. కాగితాన్ని అలాగే వదిలేస్తే కాసేపటికి గాలికే గులాబీ రంగు తిరుగుతుంది, అది లెక్కకు రాదు. నాకు పెరాక్సైడ్ చుక్క పడగానే రంగు వచ్చింది. సంబరపడిపోయి "రక్తం ఉంది" అని రాశాను. మా సీనియర్ ఆ మాటను ఎర్ర సిరాతో కొట్టేసి, "కొన్ని మొక్కల్లోని పెరాక్సిడేజ్ ఎంజైముకూ ఇదే రంగు వస్తుంది. ఇప్పటికి నీకు తెలిసింది ‘రక్తం కావచ్చు’ అన్నంత వరకే" అన్నారు. ఈ ఉద్యోగంలో సగం పని ఆ ‘కావచ్చు’ దగ్గర ఆగడమే.

కాబట్టి కోర్సు పేరు పక్కన పెట్టి పాఠ్యప్రణాళిక తెప్పించుకోండి. ప్రయోగశాలలో ఎన్ని గంటలు, గణాంక శాస్త్రం తప్పనిసరా, బోనెక్కి సాక్ష్యం చెప్పడం సాధన చేయిస్తారా, ఈ మూడూ చూడండి. నేనైతే కెమిస్ట్రీ వైపే మొగ్గుతాను. పరికరం చూపిన గీతను చదవడం వస్తే మిగతాది ప్రయోగశాల నేర్పుతుంది.

వేలిముద్రల మనిషి:
చివరి మాటతో నేను ఏకీభవించను. మిగతాది ప్రయోగశాల నేర్పుతుందని అంత ధీమాగా చెప్పలేం. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో ఒక సంచి మీద దొరికిన ముద్ర, అమెరికా న్యాయవాది బ్రాండన్ మేఫీల్డ్‌దేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. మొదటి నిపుణుడి నిర్ణయం తెలిసి చూసినవాళ్లందరికీ అదే కనిపించింది. స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర వేరొకరిదని తేల్చాక ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. వాళ్లకు అనుభవం తక్కువై అలా జరగలేదు. ముందే విన్న మాట చూపును ఎలా లాగేస్తుందో చదువుకునే రోజుల్లోనే తెలియాలి. మంచి ఫోరెన్సిక్ కోర్సులో దీనికి విడిగా పాఠం ఉంటుంది, సాక్ష్యాధారాల చట్టం కూడా ఉంటుంది. కెమిస్ట్రీ విభాగంలో వీటి ఊసెత్తేవాళ్లు అరుదు.

పాత సూక్ష్మదర్శిని:
ఒప్పుకుంటున్నాను. మా వైపూ అలాంటి కథ ఉంది. జర్మనీలో ఒకే మహిళ డీఎన్‌ఏ పదుల కొద్దీ నేర స్థలాల్లో దొరికితే ఏళ్ల తరబడి వెతికారు. 2009లో తేలిందేమిటంటే, ఆమె నమూనాలు తీసే దూది పుల్లల తయారీలో పనిచేసిన కార్మికురాలు! ఆ పుల్లలు సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసినవే, డీఎన్‌ఏ మాత్రం పోలేదు. వాడని పుల్లను కూడా నమూనాతో పాటు పరీక్షించాలని ఎందుకంటారో విద్యార్థులకు ఈ ఒక్క కేసుతో అర్థమవుతుంది.

సందేహాల పుట్ట:
ఇద్దరికీ ధన్యవాదాలండి. మీరు చెప్పినవి రెండు విభాగాలకూ రాసి అడిగాను. ఫోరెన్సిక్ వాళ్ల దగ్గర గణాంక శాస్త్రం ఐచ్ఛికమట, బోనెక్కి సాక్ష్యం చెప్పడం సాధన చేయించే నమూనా కోర్టు మాత్రం రెండు సెమిస్టర్లూ ఉందట. కెమిస్ట్రీ వాళ్లు "నమూనా కోర్టు అంటే ఏమిటి?" అని తిరిగి నన్నే అడిగారు. ఫోరెన్సిక్‌లో చేరి, గణాంక శాస్త్రం ఐచ్ఛికంగా తీసుకుంటున్నాను. నాన్నగారికి ఇంకా చెప్పలేదు.