డాబా మీద రేకుల గదిలో మోడల్ రైల్వే: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఉప్పల్)

అందరికీ నమస్కారం. మా డాబా మీద రేకుల గది ఒకటి ఉంది. పొడవు 14 అడుగులు, వెడల్పు 10. పైన సిమెంటు రేకులు. ఒకవైపు ఎత్తు 9 అడుగులు, రెండోవైపు వాలు దిగి ఆరున్నర. ఇన్నాళ్లూ పాత సామాను పడేసి ఉండేది, ఇప్పుడు ఖాళీ చేయించాను. అందులో హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు) లేఅవుట్ కట్టాలని కోరిక. డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజిన్, ఎల్‌హెచ్‌బీ అనే పొడవాటి ప్రయాణికుల పెట్టెలు నడవాలి. 8x4 ప్లైవుడ్ షీటు గది మధ్యలో వేసి, దాని మీద డబుల్ లైన్ ఓవల్ పరుద్దామనుకుంటున్నాను. మా బాబుకి ఏడేళ్లు. వాడికి బండి చుట్టూ తిరిగితే చాలు, నాకు మాత్రం స్టేషన్ కావాలి. బండి నడపడానికి డీసీ (మామూలు కంట్రోలర్) మేలా, డీసీసీ (డిజిటల్ కంట్రోల్) మేలా? డబ్బు ఒకేసారి పెట్టలేను, నెలనెలా కొంత తీయగలను.

జవాబు (లాలాగూడ)

ముందు గది సంగతి చూడు బాబూ, ట్రాక్ ఎక్కడికీ పోదు. రైల్వేలో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, ఎండకు పట్టాలు ఏం చేస్తాయో తెలుసు. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద ఒక థర్మామీటర్ వేలాడదీసి చూడు. బయట 42 ఉంటే లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది. మోడల్ పట్టాలు నికెల్ సిల్వర్. 914 మిల్లీమీటర్ల ఫ్లెక్స్ ట్రాక్ (కావలసినట్టు వంచుకునే ట్రాక్) ముక్క 30 డిగ్రీల తేడాకు దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. గది పొడవునా లెక్క వేస్తే రెండు మిల్లీమీటర్ల పైనే. డిసెంబరులో కీళ్లు బిగించి పరిచావంటే ఏప్రిల్‌లో ట్రాక్ పక్కకు ఉబ్బి బండి పడిపోతుంది. చలికాలంలో పరిస్తే ప్రతి కీలు దగ్గరా అర మిల్లీమీటరు సందు వదులు. ఎండాకాలంలో పరిస్తే దగ్గరగా పెట్టినా ఫర్వాలేదు.

రేకుల పైన ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ పెయింట్ రెండు పూతలు వేయించు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక ఈ పని తెలిసిన పెయింటర్లు ఊళ్లో బాగానే దొరుకుతున్నారు. లోపల పీవీసీ ఫాల్స్ సీలింగ్, దాని మీద గ్లాస్‌వూల్ పరిపించు. అయితే ఆ సీలింగ్ ఫ్రేము గోడలకు బిగించాలి తప్ప రేకులకు డ్రిల్ వేయనివ్వకు. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లవాడు తిరిగే గది. రేకులను పట్టి ఉంచే జె హుక్కుల దగ్గర వాషర్లు పోయి కారుతున్నాయేమో గట్టి వాన పడ్డప్పుడు ఒకసారి లోపల నిలబడి చూసుకో. రేకులకీ గోడకీ మధ్య సందులు మూయించు, లేకపోతే పావురాలు నీకంటే ముందే స్టేషన్ కట్టుకుంటాయి.

జవాబు (కూకట్‌పల్లి)

సార్ చెప్పింది నిజం. నేను 8x4 షీటు గురించి చెప్తాను అన్నా: వద్దు.

ఎల్‌హెచ్‌బీ పెట్టె బాడీ పొడవు 23.54 మీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 270 మిల్లీమీటర్లు. బండి మలుపులో చూడ్డానికి బాగుండాలన్నా, పెట్టెలు ఒకదాన్నొకటి నెట్టకుండా ఉండాలన్నా మలుపు వ్యాసార్థం పెట్టె పొడవుకు కనీసం రెండున్నర రెట్లు ఉండాలి. అంటే 675 మిల్లీమీటర్లు. నాలుగు అడుగుల వెడల్పు షీటులో అంచులు పోగా 560కి మించి రాదు. ఇక డబుల్ లైన్ అంటే లోపలి లైను ఇంకా బిగుతు. సెట్లలో వచ్చే 360, 438 మిల్లీమీటర్ల వ్యాసార్థం మలుపుల మీద పొడవాటి పెట్టెల మూలలు పక్క లైను బండికి తగులుతాయి. చిన్న షంటర్, నాలుగు చక్రాల వ్యాగన్లు అయితే ఆ షీటు చాలు. నీకు కావాల్సింది అది కాదుగా.

గోడల చుట్టూ అల్మరాలా కట్టు. పలక వెడల్పు రెండు అడుగులు, మూలల్లో 700 వ్యాసార్థం హాయిగా పడుతుంది. మధ్యలో నువ్వూ బాబూ నిలబడటానికి దాదాపు 10 అడుగులు, 6 అడుగుల జాగా మిగులుతుంది. పలక ఎక్కడా 30 అంగుళాలకు మించి లోతు ఉండకూడదు, గోడ దగ్గర పడ్డ పెట్టె చేతికి అందదు.

ప్రశ్న (ఉప్పల్)

గోడల చుట్టూ అంటే తలుపు అడ్డం వస్తుందన్నా. తలుపు 10 అడుగుల గోడకు, ఎత్తు వైపు మూలకు దగ్గరలో ఉంది. బయటికి తెరుచుకుంటుంది. ఇంకోటి, నాకు మనసులో నాంపల్లి ఉంది. పట్టాలు బఫర్ల దగ్గర ఆగిపోయే స్టేషన్. గుండ్రం లైను మీద అది ఎలా?

జవాబు (మల్కాజిగిరి)

తమ్ముడూ, తలుపు బయటికి తెరుచుకోవడం అదృష్టం. ఆ జాగాలో మూడు అడుగుల పలక ముక్కను కబ్జాలతో పైకి లేచేలా పెట్టు. అది లేచి ఉన్నప్పుడు దానికి రెండు వైపులా కరెంటు పోయేలా ఒక మైక్రోస్విచ్ బిగించు. లేకపోతే ఇంజిన్ మూడున్నర అడుగుల ఎత్తు నుంచి నేల మీద పడుతుంది. ఆ లేచే వంతెన మీద మలుపు రానీయకు, తిన్నని ట్రాక్ ఉండాలి. నీ తలుపు మూలకు దగ్గరంటున్నావు కాబట్టి గోడ మీద సుద్దముక్కతో 700 వంపు గీసి చూసుకో.

నాంపల్లి మాట. 1907లో కట్టిన టెర్మినస్ అది, అందంగానే ఉంటుంది. కానీ ప్రతి బండికీ ఇంజిన్ మార్చాలి. పెద్దవాళ్లకు అదే మజా, ఏడేళ్ల పిల్లవాడికి పది నిమిషాల్లో విసుగు. నా ఓటు కాచిగూడకు. 1916 నాటి స్టేషన్, గుమ్మటాలు, మినార్లు, బండ్లు ఇటు వచ్చి అటు వెళ్లిపోతాయి. నీకు స్టేషను, బాబుకు తిరిగే బండి, రెండూ తీరతాయి. ముఖద్వారం సన్‌బోర్డు కోసి చేసుకోవచ్చు.

స్టేషన్ 9 అడుగుల ఎత్తున్న పొడవు గోడకు పెట్టు. ఇంజిన్ 236 మిల్లీమీటర్లు, ఆరు పెట్టెలు 1620, మొత్తం 1.9 మీటర్ల లోపు. అంటే ఆరు అడుగుల పైచిలుకు ప్లాట్‌ఫాం. పాయింట్లకు (లైను రెండుగా చీలే చోట్లకు) మూడు అడుగులు కలుపుకుంటే 14 అడుగుల గోడలో మూలలు పోగా బొటాబొటిగా సరిపోతుంది. 22 పెట్టెల పూర్తి బండి కావాలంటే 20 అడుగుల పైన ప్లాట్‌ఫాం కావాలి, ఆ ఆశ వదిలెయ్. వాలు వైపు ఎలాగూ ఎత్తు తక్కువ కాబట్టి అక్కడ కనపడకుండా బండ్లు ఆపుకునే మూడు నాలుగు లైన్లు వెయ్యి, ముందు మౌలాలి గుట్టలాంటి బండరాళ్ల గుట్ట కట్టి మూసెయ్. మౌలాలి గుట్ట కాచిగూడ పక్కన ఉండదని ఎవరైనా అంటే, ఆరు పెట్టెల ఎక్స్‌ప్రెస్ కూడా ఉండదని చెప్పు.

ఎత్తుపల్లాలు పెట్టకు. ఒక లైను మీదుగా ఇంకో లైను దాటాలంటే 90 మిల్లీమీటర్లు ఎక్కాలి. నూటికి రెండు వాలుతో అందుకే నాలుగున్నర మీటర్లు పోతుంది, నీ గోడ మొత్తం.

జవాబు (లాలాగూడ)

మల్కాజిగిరి అమ్మాయి చెప్పిన కాచిగూడ బాగుంది. ఒక్క మాట. మన బ్రాడ్‌గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ ట్రాక్ 16.5 అనేది 1435 గేజ్‌కు లెక్క. మనదైతే 19 పైన రావాలి. కాబట్టి ముందు నుంచి చూస్తే బండి కింద పట్టాలు ఇరుగ్గా కనిపిస్తాయి. నాలాంటివాడికి కంట్లో నలుసే, అయినా 19కి ట్రాక్ చేతితో చేసుకోవాలి, చక్రాలు మార్చాలి. మొదటి లేఅవుట్‌కు ఆ జోలికి పోవద్దు.

మధ్యలో ఒక సందేహం (బోడుప్పల్)

మాకు డాబా గది లేదు. బెడ్‌రూమ్‌లో ఏడడుగుల ఎత్తున సిమెంటు అటక ఉంది. దాని మీద వేసుకోవచ్చా?

జవాబు (కూకట్‌పల్లి)

చూడ్డానికి మాత్రం ఒక బండి అటూ ఇటూ తిరగాలంటే వేసుకోండి, అంచుకు అక్రిలిక్ పట్టీ కొట్టి. స్టూలెక్కి షంటింగ్ చేయలేరు. దాని బదులు కిటికీ కింద అడుగున్నర వెడల్పు, ఆరు అడుగుల పొడవు చిన్న గూడ్స్ యార్డు పెట్టుకుంటే రోజూ ఆడుకుంటారు.

ఉప్పల్ అన్నా, కరెంటు సంగతి. డీసీసీకే వెళ్లు. డీసీలో రెండు బండ్లు వేర్వేరుగా నడపాలంటే ట్రాక్‌ను సెక్షన్లుగా కోసి స్విచ్చులు పెట్టాలి, డీసీసీలో ఒకే ట్రాక్ మీద ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో నంబరు. ఇంజిన్లకు ఆదేశాలు పంపే రెడీమేడ్ కమాండ్ స్టేషన్ ఖరీదెక్కువ. డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆర్డ్వినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద ట్రాక్‌కు కరెంటు ఇచ్చే మోటార్ షీల్డు, ఒక వైఫై బోర్డు ఉంటే చాలు. ఇవన్నీ కోఠీ గుజరాతీ గల్లీలో అడుగు. ఫోన్‌లో ఇంజిన్ డ్రైవర్ యాప్ వేస్తే బాబే నడిపేస్తాడు. షీల్డు మీద విన్ లైను (దాన్నీ ఆర్డ్వినోనూ కలిపే కరెంటు గీత) కోయమని సూచనల్లో ఉంటుంది, అది మర్చిపోతే ట్రాక్ వోల్టేజ్ ఆర్డ్వినోలోకి వెళ్లి బోర్డు కాలుతుంది. ఇంజిన్ కొనేటప్పుడు డీకోడర్ (ఆ ఆదేశాలు అందుకునే చిప్) సాకెట్ ఉందో లేదో చూసి కొను.

పలక కింద 1.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు ఎరుపు, నలుపు చుట్టూ లాగు. ప్రతి ట్రాక్ ముక్క నుంచి సన్నటి వైరు దానికి కలుపు. కీళ్ల మీద కరెంటు నమ్ముకోవద్దు, ఒక వానాకాలం గడిస్తే నల్లబడతాయి. వైర్లు థర్మకోల్‌కు తగలకూడదు. పీవీసీ తొడుగులోని నూనె థర్మకోల్‌ను తినేస్తుంది.

ప్రశ్న (ఉప్పల్)

కాచిగూడే ఖాయం. మా బాబు ఇప్పటికే గుమ్మటాలకు ప్లాస్టిక్ బంతులు ఏరుతున్నాడు. ఫ్రేము కర్రతోనా, ఇనుముతోనా? కంకర ఎక్కడ కొనాలి?

జవాబు (మల్కాజిగిరి)

కర్ర రీపర్లు ఆ ఎండకు మెలితిరుగుతాయి, చెదలు కూడా. రాక్‌లకు వాడే స్లాటెడ్ యాంగిల్ రాణిగంజ్‌లో కోయించి తెచ్చుకో. బోల్టులే కాబట్టి రేపు ఇల్లు మారినా విప్పుకోవచ్చు. పైన 12 మిల్లీమీటర్ల బీడబ్ల్యూపీ (నీటిని తట్టుకునే) ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర చూసి. కింద ప్రతి అడుగున్నరకు ఒక అడ్డపట్టీ. అంచులకూ అడుగుకూ ప్రైమర్ తప్పనిసరి. నేల నుంచి పట్టా ఎత్తు 42 అంగుళాలు పెట్టు, బాబు కంటికి సమానంగా ఉంటుంది. ట్రాక్ కింద గ్యాస్కెట్లకు వాడే మూడు మిల్లీమీటర్ల కార్క్ షీటు పట్టీలు అతికించు, చప్పుడు తగ్గుతుంది.

కంకర కొనకు. అసలు లైను మీద కంకర 65 మిల్లీమీటర్లదైతే మన స్కేల్లో 0.75. ఇల్లు కట్టేచోట రోబో శాండ్ ఒక డబ్బాడు అడిగి తెచ్చుకుని కడిగి, ఆరబెట్టి, టీ వడగట్టే జల్లెడతో జల్లించు. అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసెయ్, లేకపోతే మోటార్లలోకి పోతుంది. పరిచాక నీళ్లలో ఒక చుక్క విమ్ వేసి స్ప్రే చేసి, ఒకటికి రెండు నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను డ్రాపర్‌తో వెయ్యి. గుట్టకు థర్మకోల్ అతికించేటప్పుడూ ఈ తెల్ల ఫెవికాలే. పసుపురంగు రబ్బరు గమ్ తగిలితే థర్మకోల్ కరిగిపోతుంది.

నెలనెలా అన్నావు కదా. కంకర, గుట్ట, గుమ్మటాలు చివరన. ముందు రేకులు, సీలింగ్. తరవాత ఫ్రేము, ఒక్క లైను చుట్టూ వేసి పాత కంట్రోలర్ ఏదైనా పెట్టి బండి తిప్పండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆ లైను ఎలా తట్టుకుంటుందో చూశాకే స్టేషన్ పాయింట్లకు డబ్బు పెట్టు. ఇంజిన్లు, త్రీడీ ప్రింట్ పెట్టెలు మార్చి నుంచి జూన్ దాకా కింద అల్మరాలో ఉండాలి. త్రీడీ ప్రింట్‌కు వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది.

ఉప్పల్

అలాగే అక్కా. ఈ ఆదివారం పెయింటర్‌ను పిలుస్తున్నాను. సార్, కూల్ పెయింట్ వేసేముందు రేకుల మీద పాచి గోకించాలా?

జవాబు (లాలాగూడ)

పొడిగా గోకించకు, ఆస్బెస్టాస్ దుమ్ము లేస్తుంది. తడిపి మెత్తటి బ్రష్‌తో తీయమను. పూర్తిగా ఆరాకే పెయింట్. రేకుల మీద నేరుగా కాలు పెట్టనివ్వకు, విరుగుతాయి, చెక్క పలక వేసుకుని దాని మీద నడవాలి.